చదువుకు సాక్షి ఎవరు?

దేవుళ్ళకు మనం తలా ఒక పని అప్పజెప్పాం. ఒకాయన పెళ్ళిళ్ళు కుదురుస్తాడు, ఒకాయన జబ్బులు నయం చేస్తాడు, ఏడుకొండలవాడు పాపం ఇంకా కుబేరుడి అప్పు తీరుస్తూనే వున్నాడు. గుంటూరు సీమలో, పొన్నూరులో వెలసిన భావనారాయణస్వామిది మాత్రం కోర్టు పని. ఆయన పేరే సాక్షి భావనారాయణుడు. స్థలపురాణం మీలో చాలామంది వినే వుంటారు. కాశీకి వెళ్ళిన ఒక మేనమామ తన పిల్లను ఇస్తానని దేవుడి ఎదుట మేనల్లుడికి మాటిచ్చాడట. తీరా ఊరు చేరాక మాట మార్చాడు. "నీకెవరయ్యా సాక్షి?" అన్నారు ఊరి పెద్దలు. చేసేది లేక ఆ కుర్రవాడు కాశీలో వున్న దేవుణ్ణే పిలుచుకున్నాడు. మాట ఇచ్చినప్పుడు దగ్గరుండి విన్నది తనే కాబట్టి స్వామి అంతదూరమూ వచ్చి, సాక్షి చెప్పి, పొన్నూరులోనే నిలిచిపోయాడు.

ఈ కథలో పెళ్ళి సంగతి అలా వుంచండి. దగ్గరుండి చూసినవాడే సాక్షి అన్న మాట నన్ను పట్టుకుంది. ఎందుకంటే మన పిల్లల చదువు విషయంలో వ్యవహారం సరిగ్గా దీనికి తలకిందులు. పిల్లకు లెక్కలు వచ్చాయో రాలేదో రోజూ చూసే పంతులమ్మ చెబితే మనకు చాలదు. ఎక్కడో ఎవరో, పిల్ల ముఖం ఎన్నడూ చూడనివారు, ఎర్ర సిరాతో వేసిన అంకె కావాలి. బడినుంచి వచ్చీ రాగానే మనం అడిగే మొదటి ప్రశ్న "ఎన్నొచ్చాయే?" అని. రెండో ప్రశ్న "మరి పక్కింటి వాళ్ళమ్మాయికో?" అని. ఏ లెక్క తప్పింది, ఎందుకు తప్పింది అన్నది మూడో ప్రశ్న కూడా కాదు. ఈ అలవాటు ఎప్పుడు పట్టుకుందా అని వెనక్కి వెళ్ళి చూస్తే రెండువందల ఏళ్ళ కథ తేలింది.

1822లో మద్రాసు గవర్నరుగా వున్న సర్ థామస్ మన్రోకు ఒక సందేహం వచ్చింది. ఈ దేశంలో అసలు బడులెన్ని వున్నాయి, ఎవరెవరు చదువుకుంటున్నారు అని. వెంటనే జిల్లా కలెక్టర్లందరికీ తాఖీదులు పంపాడు. నాలుగేళ్ళకు లెక్కలన్నీ కూడితే మద్రాసు రాజధాని మొత్తానికి 12,498 బడులు తేలాయి. మన గుంటూరు జిల్లాలో 574 బడులు, ఏడువేల ఏడువందల పైచిలుకు పిల్లలు. అందులో ఆడపిల్లలు సుమారు వందమంది. వందేనా అని నిట్టూర్చకండి. ఆ రోజుల్లో ఆ వందమందిని ఏ తల్లులు పట్టుబట్టి పంపించారో తలుచుకుంటే దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

కలెక్టర్లలో చాలామంది పట్టికలు నింపి చేతులు దులుపుకున్నారు. ఒక్క బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ మాత్రం బడిలోపలికి తొంగిచూసి రాశాడు. ఈయన ఉత్త కలెక్టరు కాదు. 1816లోనే తెలుగు భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం రాసిన దొర. ఆయన జిల్లాలో అప్పుడు వున్న 533 బడుల్లో 226 తెలుగు బడులు. 1823లో ఆయన పంపిన ఆ నివేదికను, మిగతా కలెక్టర్ల లెక్కలతోపాటు ధరంపాల్ గారు 1983లో ఒక పుస్తకంగా అచ్చువేశారు. అందులో మన వీధి బడి కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

పొద్దున ఆరు గంటలకల్లా బడి మొదలు. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. అది బహుమతి అన్నమాట. రెండోవాడి చేతిలో సున్న. మెచ్చుకోనూ లేదు, తిట్టనూ లేదు అని దాని అర్థం. మూడోవాడికి చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చిన ఒక్కొక్కడికీ ఒక్కో దెబ్బ ఎక్కువ. చూశారా, మార్కులు అప్పుడూ వున్నాయి, కాకపోతే చెమట పడితే చెరిగిపోయేవి. సాయంకాలానికి చేతులన్నీ ఒకటే.

ఇదంతా చదివి పాతకాలమే బాగుందని మురిసిపోనక్కర్లేదు. బద్ధకించినవాణ్ణి రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీసేవారని అదే నివేదికలో వుంది. మన పెద్దలు కోదండం వేయించడం అనేది అదే. గుంజీల సంగతీ రాశాడు. అది చాలా బాధాకరమే గాని బహుశా ఒంటికి మంచిదేమో అని కాంబెల్ దొర అభిప్రాయపడ్డాడు. తను తీసి చూడలేదు కాబోలు!

కాని దెబ్బల మధ్యలోంచి ఒక మంచి పద్ధతి కనిపిస్తుంది. బడిలో సాధారణంగా నాలుగు తరగతులు. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళడం ఏడాది తిరిగిందని కాదు, పిల్లవాడి శక్తిని బట్టి, వచ్చినదాన్ని బట్టి. ఒకడు మూడు నెలల్లో గుణింతం దాటితే ఇంకొకడికి ఏడాది పట్టేది. మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. తర్వాత కడితం, అంటే బొగ్గుపొడి పట్టించి నల్లగా చేసిన గుడ్డ పలక. ఆ పైన తాటాకు, గంటం. ఇసుకలో వున్న సుగుణం ఏమిటంటే, తప్పు రాస్తే అరచేత్తో తుడిచేసి మళ్ళీ దిద్దడమే. ఆ తప్పు ఏ రిజిస్టరులోకీ ఎక్కదు. తాటాకు మీద గంటంతో గీసేది మాత్రం చెరగదు. అందుకే చెయ్యి తిరిగాకగాని ఆకు చేతికిచ్చేవారు కాదు. నేర్చుకునేటప్పటి తప్పుకూ, నేర్చాక చేసే తప్పుకూ మధ్య ఇంత తేడా పాటించిన బడి మళ్ళీ మనకు దొరకలేదు.

ఇంక ఒప్పజెప్పడం. ఈ మాట ఇప్పటి పిల్లలకు అంతగా తెలియకపోవచ్చు గాని మన అమ్మమ్మల తరానికి చదువంటే అదే. నిన్న చెప్పిన పాఠం ఇవాళ ఒప్పజెప్పాలి. ఒప్పజెబితేనే కొత్త పాఠం. పదమూడో ఎక్కంలో తడబడితే పద్నాలుగు చెప్పరు. పంతులుగారు అరుగు మీద కూచుని, చెవి ఇటు పారేసి, తడబడినచోట ఆపి, అక్కడినుంచి మళ్ళీ చెప్పించేవారు. వేదపాఠశాలల్లో సంత చెప్పడం కూడా ఇంతే. గురువు ఒకసారి పలికితే శిష్యులు రెండుసార్లు పలకాలి. స్వరం జారితే అక్కడికక్కడే సవరణ. రేపటికి వాయిదా లేదు. భావనారాయణస్వామి పేరుతోనే పొన్నూరులో సంస్కృత కళాశాల కూడా వెలసింది. సంస్కృత పండితుల లోకంలో శలాక పరీక్ష అని ఒకటి వుండేది. మిథిలలో దానికి మరీ పేరు. తాటాకుల కట్టలోకి సూది గుచ్చుతారు. సూదిమొన ఏ ఆకు దగ్గర ఆగితే ఆ ఆకు మీద వున్నది విప్పి చెప్పాలి. గెస్ పేపర్లు, ఇంపార్టెంటు ప్రశ్నలు అక్కడ సాగవు.

తరగతిలో యాభైమంది వుంటే ఒక్క పంతులుగారు ఎంతమంది ఒప్పజెప్పేది వినగలరు? దానికీ ఒక ఉపాయం వుండేది. పై తరగతి పిల్లలు కింది తరగతి పిల్లల చేత చెప్పించేవారు. పంతులుగారి కన్ను అందరి మీదా వుండేది. ఇంకొకరికి చెప్పేటప్పుడు మన చదువు మనకే గట్టిపడుతుందని ఇంట్లో తమ్ముడికి ఎక్కాలు నేర్పిన ఏ అక్కనడిగినా చెబుతుంది. 1789లో మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమం బాధ్యత తీసుకున్న ఆండ్రూ బెల్ అనే మతగురువు, దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో రాస్తూ వుండగా చూశాడు. తన ఆశ్రమంలోనూ ఆ పద్ధతే పెట్టి, పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించి, 1797లో ఇంగ్లండులో దాన్ని గురించి పుస్తకం వేశాడు. అక్కడ దానికి మద్రాసు పద్ధతి అనే పేరు వచ్చింది. మన అరుగు మీది చదువు ఓడెక్కి లండను వెళ్ళింది. తిరుగు ఓడలో మనకు వచ్చిన వస్తువు వేరు. ఆ సంగతి చెప్పబోయే ముందు వీధి బడి లోటు కూడా చెప్పాలి. ఏమాటకామాటే.

పిల్లలు పద్యాలన్నీ గడగడా ఒప్పజెబుతారుగాని వాటి అర్థం వాళ్ళకు తెలియదు, చిలకపలుకులే అని కాంబెల్ వాపోయాడు. ఇది నిజమే. పంతులుగారి చెవి స్వరాన్ని పట్టుకునేది, అక్షరాన్ని పట్టుకునేది. మెదడులోకి దిగిందా లేదా అని తట్టిచూసే అలవాటు తక్కువ. దసరాకు పిల్లల్ని వెంటబెట్టుకుని, గిలకలు పట్టించి, ఇంటింటి ముందూ పద్యాలు చదివించడం మనలో పెద్దవాళ్ళకు గుర్తే. ఊరికి అది ఒక బహిరంగ పరీక్ష. పిల్లలకు పప్పుబెల్లాలు, పంతులుగారికి దక్షిణ. ఇల్లాలు గడపలో నిలబడి విని, "అబ్బ, ఎంత బాగా చదివాడమ్మా" అనేది. ఆ పద్యం అర్థమేమిటని పిల్లవాణ్ణి ఎవరూ అడిగేవారు కాదు. ఇల్లాలూ అడిగేది కాదు. ఆవిడ్ని ఎవరు బడికి పంపారు గనక!

ఇప్పుడు తిరుగు ఓడ సంగతి. 1862లో ఇంగ్లండులో రాబర్టు లో అనే పెద్దమనిషి బడులకు సర్కారు సొమ్ము ఇవ్వడానికి ఒక కొత్త లెక్క కట్టాడు. ఇనస్పెక్టరు ఏడాదికి ఒకసారి వస్తాడు. ఒక్కొక్క పిల్లవాణ్ణీ చదవడంలో, రాయడంలో, లెక్కల్లో పరీక్షిస్తాడు. ఎంతమంది ప్యాసయితే అంత గ్రాంటు. ఫలితాన్ని బట్టి పైకం అన్నమాట. కవిగా పేరున్న మాథ్యూ ఆర్నాల్డు స్వయంగా స్కూళ్ళ ఇనస్పెక్టరు. ఇది చదువును యంత్రంగా మార్చేస్తుందని ఆయన మొత్తుకున్నా వినలేదు. ఆ దశాబ్దం తిరక్కుండానే అదే లెక్క మద్రాసు రాజధానికీ వచ్చింది. మన అరుగుబడుల పంతుళ్ళు కూడా ఇనస్పెక్టరు దొర కోసం ఎదురుచూడవలసి వచ్చింది.

అది వచ్చిన క్షణాన పరీక్ష అర్థం మారిపోయింది. అంతకుముందు పంతులుగారు ఒప్పజెప్పించుకునేది తర్వాత ఏం చెప్పాలో తెలుసుకోవడానికి. ఇప్పుడు ఒప్పజెప్పేది దొరకు, పంతులుగారి జీతానికి. మన పల్లెలకు తెలిసిన భాషలో చెబుతాను. మిరప రైతు తెల్లవారుజామునే చేలోకి వెళ్ళి ఆకు తిరగేసి చూస్తాడు. అడుగున పురుగు కనిపిస్తే ఆ రోజే ఏదో ఒకటి చేస్తాడు. గుంటూరు మిరపకాయల యార్డులో వ్యాపారి కూడా చూస్తాడు. గుప్పెడు కాయలు తీసి, రంగు చూసి, తాలు ఎంత వుందో చూసి ధర చెబుతాడు. ఇద్దరి చూపులూ అవసరమే. కాని వ్యాపారి చూపు వల్ల మొక్కకు ఒరిగేదేమీ లేదు, అది ఎప్పుడో ఎండి బస్తాలోకి ఎక్కింది. 1860ల తర్వాత మన బడిలో చేను చూసే కన్ను తగ్గి, యార్డు కన్ను పెరిగింది. గ్రాంటు రావాలంటే ప్యాసయ్యేవాళ్ళ మీద, ప్యాసుకు అంచున వున్నవాళ్ళ మీద దృష్టి పెడితే చాలు. అడుగున వున్నవాడు అడుగునే. కర్జను ప్రభువు కాలంలో, 1904లో, ప్రభుత్వమే ఈ పద్ధతిని తప్పుబట్టి వదిలించుకుంది. పద్ధతి పోయింది గాని దాని వాసన గోడలకు పట్టుకునే వుంది.

ఆ రోజుల ఇల్లు ఎలా వుండేదో చూడాలంటే గురజాడవారి కన్యాశుల్కం చాలు. 1892లో మొదట ఆడారు, 1897లో అచ్చయింది. పరీక్ష పోగొట్టుకున్న వెంకటేశం గిరీశాన్ని వెంటబెట్టుకుని ఇంటికొస్తాడు. తల్లి వెంకమ్మకు కొడుకు ఇంగ్లీషు ఎంతవరకు వచ్చిందో చూడాలని ముచ్చట. ఇద్దర్నీ ఒకసారి ఇంగ్లీషులో మాట్లాడుకోమంటుంది. వాళ్ళు నోటికొచ్చిన రైమూ, నాలుగు చెట్ల పేర్లూ కలిపి దంచేస్తారు. ఆవిడ మురిసిపోతుంది. మనం పకపకా నవ్వుతాం. నవ్వేముందు ఒక్కసారి ఆలోచించండి, కొడుకు చదువు సంగతి స్వయంగా తెలుసుకోవాలని ఆవిడ అడిగింది. జవాబు తూచడానికి ఆవిడ చేతికి తక్కెడ ఎవరూ ఇవ్వలేదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసువారికి ఒక మంచి ఆలోచన వచ్చింది. 1857లో విశ్వవిద్యాలయం పుట్టిన నాటినుంచి మెట్రిక్యులేషనే హైస్కూలు పిల్లలకు వైతరణి. దాని బదులు 1911లో ఎస్సెస్సెల్సీ పెట్టారు. మన తాతగార్ల పెట్టెల్లో అట్ట వేసిన ఒక పుస్తకం వుండేది, అదే. అందులో పబ్లిక్ పరీక్ష మార్కులొక్కటే కాదు, పిల్లవాడు బడిలో తెచ్చుకున్న మార్కులు కూడా ఎక్కేవి. ప్యాసు, ఫెయిలు అనే మాటలు లేకుండా వచ్చినవి వచ్చినట్టు రాసివ్వాలని మొదటి ఉద్దేశం. పంతులుగారి సాక్ష్యానికీ కాగితం మీద చోటిచ్చారన్నమాట. కాని కాలేజీలకు, కచేరీలకు కావలసింది ఒక గీత. గీతకు పైన వున్నవాడు ఎలిజిబుల్, కింద వున్నవాడు కాదు. మెల్లగా అందరి కళ్ళూ పబ్లిక్ మార్కుల మీదే నిలిచాయి. పేరు మారింది, వైతరణి అలాగే వుంది.

ఇంతవరకు చదివి దూరపు సాక్షి అంటే దుర్మార్గుడనీ, దగ్గరి సాక్షి దేవుడనీ అనుకుంటే పొరపాటు. నాకూ ఇక్కడే మనసు రెండుగా చీలుతుంది. దగ్గరుండి చూసేవాడికి పిల్ల తెలివి ఒక్కటే కాదు, కులమూ తెలుసు, తండ్రి ఆస్తీ తెలుసు, "ఆడపిల్లకెందుకు" అన్న మాటా తెలుసు. మన్రో లెక్కల్లో వందమంది ఆడపిల్లలే వుండటానికి కారణం ఇనస్పెక్టరు దొర కాదు, అప్పటికి ఆయన రానేలేదు. మనవాళ్ళే.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి కథ తీసుకోండి. 1909లో రాజమండ్రిలో పుట్టారు. చిన్నప్పుడే బడి మానేశారు, ఉద్యమంలో జైలుకు వెళ్ళారు. బయటికి వచ్చాక చదువుకోవాలంటే ఏ బడి పిలిచి కూచోబెడుతుంది? ఆమె ప్రైవేటుగా కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషనుకు కట్టి ప్యాసయ్యారు. పొన్నూరు కుర్రవాడికే కాదు, మన దుర్గాబాయమ్మగారికీ సాక్షి కాశీనుంచే రావలసి వచ్చింది! ఆ తర్వాత మద్రాసులో ఆంధ్ర మహిళాసభ స్థాపించి, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళను అదే కాశీ మెట్రిక్కుకు తయారుచేశారు. బాల్యవివాహాలైనవారు, భర్త పోయినవారు, వదిలేసినవారు, ఇరవై దాటి పలక పట్టినవారు. పరీక్ష కాగితం మీద వుండేది ఒక నంబరు. ఆ నంబరు వెనక బొట్టుందా, వైధవ్యముందా అని దిద్దేవాడికి తెలియదు. తెలియకపోవడమే మేలైంది. 1953లో ఏర్పడ్డ కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమె మొదటి అధ్యక్షురాలు. 1958లో ఆ బోర్డు తరఫున ఈ పద్ధతినే కండెన్స్‌డ్ కోర్సులుగా దేశమంతటా పెట్టించారు. వాటి పుణ్యాన నర్సులు, గ్రామసేవికలు, పంతులమ్మలు అయినవారు ఎందరో.

అయితే అక్కడ కూడా చివర వచ్చేది కాశీ కాగితమే గాని, ఏళ్ళు విడిచి పలక పట్టిన మనిషిని ఆ కాగితం దాకా నడిపించింది పక్కన కూచుని తప్పులు దిద్దిన టీచర్లు. దూరపు సాక్షికి గౌరవం దక్కింది దగ్గరి మనిషి వున్నందువల్లనే.

ఈ రెంటికీ పండితులు తర్వాత పేర్లు పెట్టారు. 1967లో మైకేల్ స్క్రివెన్ అనే ఆయన ఫార్మేటివ్, సమ్మేటివ్ అని విడదీశాడు. మన శాఖవారు వాటిని నిర్మాణాత్మక మూల్యాంకనం, సంగ్రహణాత్మక మూల్యాంకనం అని అనువదించి నోరు తిరక్కుండా చేశారు. రాబర్టు స్టేక్ అనే అమెరికా ఆచార్యుడు ఇంతకంటే తేలిగ్గా చెప్పాడు. వంటమనిషి సూపు రుచి చూస్తే మొదటిది, అతిథి రుచి చూస్తే రెండోది అని. ఆడవాళ్ళకు ఇంతకుమించి వ్యాఖ్యానం ఎందుకు? పులుసు పొయ్యి మీద వుండగా చూస్తే ఉప్పు వేసుకోవచ్చు, విస్తట్లో వడ్డించాక "ఉప్పు తగ్గిందే" అంటే వినడమే. నైవేద్యం పెట్టే ఇళ్ళల్లో ఎంగిలి పనికిరాదని రుచి చూడకుండానే వాసనతో, పొంగుతో పోల్చుకునేవారు. మంచి టీచరమ్మ కూడా అంతే. పరీక్ష పెట్టకుండానే పిల్ల కళ్ళు చూసి పాఠం దిగిందో లేదో చెబుతుంది.

1970ల మొదట్లో మన రాష్ట్రంలో పిల్లల్ని చిన్న తరగతుల్లో ఫెయిలు చేసి ఆపేయకూడదన్నారు. ఏడో తరగతికి మాత్రం జిల్లా అంతటికీ ఒకే ప్రశ్నపత్రం వుండేది. ఏడుకు, పదికి మధ్య మిగతా ఏళ్ళు విడిది ఇళ్ళలాగా గడిచిపోయేవి. 2009లో పార్లమెంటు విద్యాహక్కు చట్టం చేసింది, 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఎనిమిదో తరగతి వరకు ఫెయిలు లేదు, దాని బదులు నిరంతర సమగ్ర మూల్యాంకనం వుండాలి అని అందులో రాశారు. మన బడుల్లో ఏడాదికి నాలుగు ఎఫ్.ఏ.లు వచ్చాయి. యాభై మార్కుల్లో పిల్లల భాగస్వామ్యానికి పది, సొంత రాతకు పది, ప్రాజెక్టుకు పది, లఘు పరీక్షకు ఇరవై. కాగితం మీద ఎంత అందమైన పద్ధతి! అరుగు మీది పంతులుగారి చెవిని మళ్ళీ తెచ్చి తరగతిలో కూచోబెట్టారు.

చెవిని తెచ్చారు సరే, చేతికి రిజిస్టర్లు ఇచ్చారు. ప్రతి పిల్లకూ ప్రతి సబ్జెక్టులోనూ నాలుగు గళ్ళు నింపేసరికి పాపం టీచరుకు పిల్ల ముఖం చూసే తీరికేది? ప్రాజెక్టులు స్టేషనరీ కొట్లలో బొమ్మల చార్టులైపోయాయి, అమ్మానాన్నల రాత్రి పనులైపోయాయి. పదో తరగతిలో బడి చేతికి ఇరవై మార్కులిస్తే, చాలా ప్రైవేటు బడులు అందరికీ ఇరవైకి ఇరవై వేశాయన్న ఫిర్యాదు మీద 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఇరవైని తీసేసింది. దగ్గరి సాక్షి అబద్ధం చెప్పాడని దూరపు సాక్షినే మళ్ళీ పూర్తిగా నమ్మాం. చెప్పించింది ఎవరు అన్నది మాత్రం మాట్లాడుకోలేదు. ఇరవైకి పద్దెనిమిది వేసిన బడిలో మన పిల్లను మనం వుంచుతామా?

1988లో రూత్ బట్లర్ అనే ఆవిడ ఇజ్రాయెల్ బడుల్లో చేసిన పరిశోధన ఒకటి చెప్పాలి. ఒకే పని చేసిన పిల్లల్లో కొందరికి మార్కులు మాత్రమే ఇచ్చారు. కొందరికి మార్కు లేకుండా, ఏది బాగుంది, ఏది సరిచేసుకోవాలి అని రెండు మాటలు రాసిచ్చారు. మూడో జట్టుకు మార్కులూ మాటలూ రెండూ ఇచ్చారు. తర్వాతి పనిలో మెరుగుపడింది మాటలు మాత్రమే అందుకున్న పిల్లలు. రెండూ అందుకున్నవాళ్ళు మెరుగుపడాలి కదా అనుకుంటాం, పడలేదు. అంకె కనబడగానే పిల్లలు మాటలు చదవడం మానేశారు. ప్రోగ్రెస్ రిపోర్టు చేతికి రాగానే మన కళ్ళు ఎక్కడికి పోతాయో చూసుకుంటే ఇజ్రాయెల్ దాకా వెళ్ళనక్కర్లేదు.

ఈ చట్టాలు, ఈ ఎఫ్.ఏ.లు రాకముందే మన మదనపల్లె దగ్గర ఒక పని జరిగింది. రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు. ఒకే గది, ఒకే టీచరు, అయిదు తరగతుల పిల్లలు. 1980ల చివర్లో పద్మనాభరావు, రమ అనే దంపతులు ఆ బడుల కోసం పాఠ్యపుస్తకాన్ని విప్పి కార్డులుగా చేశారు. గోడ మీద ఒక నిచ్చెన పటం. ఒక్కొక్క మెట్టు దగ్గర జంతువుల బొమ్మలు, గుర్తులు. పిల్ల తన గుర్తు చూసుకుని, పెట్టెలోంచి తన కార్డు తనే తీసుకుని, తన జట్టులో కూచుంటుంది. కొత్తది చెప్పే కార్డు, సాధన చేయించే కార్డు, ఆ తర్వాత పరీక్షించే కార్డు. దాని పక్కనుంచి రెండు దారులు. వచ్చినవాళ్ళు ముందుకు, రానివాళ్ళు అక్కడే మరోరకంగా నేర్పే కార్డుకు. ఏడాది చివర వరకు ఆగేది లేదు, ఎవరూ ఎవరికోసమూ ఆగక్కర్లేదు. జ్వరమొచ్చి పది రోజులు మానేసిన పిల్ల తిరిగొచ్చి ఆగిన మెట్టు దగ్గరే మొదలుపెడుతుంది. పత్తి తీతకు, వేరుశనగ కోతకు తల్లితో వెళ్ళే పిల్లలున్న ఊళ్ళల్లో ఇది ఎంత మాట! 1995లో కర్ణాటకలోని హెగ్గడదేవనకోట టీచర్లు వచ్చి చూసి వెళ్ళి నలి-కలి అని మొదలుపెట్టారు. ఆ తర్వాత తమిళనాడు కూడా అందుకుంది.

ఆ గదిలో టీచరుకు విడిగా కుర్చీ ముఖ్యం కాదు. నేల మీద, కొత్త పాఠం మొదలుపెట్టిన జట్టు పక్కన కూచుంటారు. మిగతా జట్లలో పెద్దపిల్లలు చిన్నపిల్లల చేత కార్డులు చదివిస్తూ వుంటారు. కాంబెల్ దొర రాసింది గుర్తుందిగా! కోదండం మాత్రం లేదు. పరీక్ష కార్డు దగ్గర ఆగిపోయిన పిల్లను ఫెయిలయ్యావా అని అక్కడ అడగరు. ఏ కార్డు దగ్గర వున్నావు అని అడుగుతారు. పిల్ల గోడ దగ్గరికి వెళ్ళి, మునివేళ్ళ మీద నిలబడి, తన బొమ్మను వేలితో చూపిస్తుంది.